రెండు లేత నీలాల్లో పడకగదికి ఏది?

పడకగదికి నీలం వేయాలని ఇంట్లో అందరూ ఒప్పుకున్నాక అసలు చిక్కు మొదలవుతుంది. షేడ్ కార్డు తిరగేసి తిరగేసి చివరికి రెండు లేత నీలాల దగ్గర ఆగుతారు. రెండూ బాగుంటాయి, రెండూ దాదాపు ఒకేలా ఉంటాయి. షాపులో అడిగితే "ఏదైనా ఒకటేనండి, గోడ మీద తేడా తెలియదు" అంటారు. ఆ మాటతో నేను ఏకీభవించను. రెండంగుళాల ముక్కలో కనబడీ కనబడని తేడా నాలుగు గోడలకూ పాకేసరికి, ఒక గది పిస్తా రంగులోకీ, ఇంకో గది సిమెంటు రంగులోకీ వెళ్లిపోవడం చాలా ఇళ్లలో చూశాను. రంగు వేయించడం అంటే సామాను జరపాలి, లప్పం పెట్టించాలి, రుద్దించాలి, దుమ్ము భరించాలి. ఇంత చేసి ఆరేడేళ్లు ఆ గోడల మధ్య ఉండాలి కాబట్టి రెండు నీలాల తేడా మీద ఒక వారం ఖర్చుపెట్టడం వృథా కాదు.

నా అభిప్రాయం ముందే చెబుతాను. దగ్గరగా ఉన్న రెండు నీలాల్లో చూడవలసింది వాటిలో దాగి ఉన్న రెండో రంగును. మీ గదిలో ఉండే వెలుతురు ఆ రెండో రంగును పైకి లాగుతుందా, అణచిపెడుతుందా అన్న దాన్ని బట్టే ఎంపిక తేలుతుంది.

మాట్లాడుకోవడానికి వీలుగా రెండింటికీ పేర్లు పెట్టుకుందాం. ఆకుపచ్చ వైపు కొద్దిగా మొగ్గిన లేత నీలం చెరువు నీలం. బూడిద, ఊదా వైపు కొద్దిగా మొగ్గినది మబ్బు నీలం. కంపెనీలు ఏ పేరు పెట్టి అమ్మినా, పడకగదులకు మనవాళ్లు ఎంచుకునే లేత నీలాలు చాలావరకు ఈ రెండు కుటుంబాల్లో ఏదో ఒకదానిలోకి వస్తాయి.

దాగిన రంగును పట్టుకోవడం

షేడ్ కార్డులో ఒక్కో పట్టీ మీద లేత నుంచి ముదురుకు రంగులు వరుసగా ఉంటాయి. లేత ముక్కలో రెండో రంగు కంటికి సులభంగా అందదు. అదే పట్టీలో అన్నిటికన్నా ముదురుగా ఉన్న ముక్కను చూడండి. అది నెమలికంఠం రంగు వైపు వెళ్తే మీ చేతిలో ఉన్నది చెరువు నీలం. బూడిద బారినట్టుగానో, వంకాయ రంగు ఛాయతోనో ఉంటే మబ్బు నీలం. తర్వాత రెండు లేత ముక్కలనూ తెల్ల కాగితం మీద పక్కపక్కన పెట్టి, పగలు కిటికీ దగ్గర చూడండి. అలా పెట్టినప్పుడు కన్ను తేడాను పెంచి చూపిస్తుంది. ఒకటి ఉన్నదానికన్నా పచ్చగా, ఇంకొకటి ఉన్నదానికన్నా ఊదాగా అనిపిస్తుంది. మొగ్గు ఎటో కనిపెట్టడానికి ఈ అతిశయం బాగా పనికొస్తుంది. నిర్ణయం తీసుకోవడానికి మాత్రం పనికిరాదు. మీ గదిలో ఆ రెండూ పక్కపక్కన ఉండవు కదా. రెండు ముక్కలూ చేత్తో పట్టుకుని షాపులోనే తేల్చేసుకోవడం వల్లనే ఎక్కువ ఎంపికలు చెడిపోతాయి.

ఈ మొగ్గు షాపులో రంగు కలిపే టింటింగ్ మిషన్‌లోనే పుడుతుంది. తెల్లని బేస్‌లో మిషన్ కొన్ని రంగు చుక్కలు కలుపుతుంది. ఇప్పుడు నీలానికి ఎక్కువగా వాడేది థాలో బ్లూ. 1935లో బజారులోకి వచ్చిన ఈ రంగుపొడి చాలా బలమైనది, ఎండకు తొందరగా వెలిసిపోదు, సహజంగానే ఆకుపచ్చ వైపు మొగ్గుతుంది. దాన్ని ఎక్కువగా కదిలించకుండా వదిలేస్తే చెరువు నీలం. కొంచెం నలుపు, కొంచెం ఊదా చుక్కలు పడితే మబ్బు నీలం.

మన పాత ఇళ్లలోని నీలం ఈ రెండింటికీ ముందుది. వెల్ల వేసేటప్పుడు సున్నంలో కలిపే నీలిమందు అల్ట్రామెరీన్ అనే నీలిరంగుపొడి జాతికి చెందినది. దాన్ని కృత్రిమంగా తయారుచేసే పద్ధతిని ఫ్రాన్సులో గిమే అనే రసాయన శాస్త్రవేత్త 1820లలో సాధించాక అది చౌకగా దొరకసాగింది. సున్నంలోని క్షారాన్ని అది తట్టుకుంటుంది. అదే ప్రష్యన్ బ్లూ అనే ఇంకో నీలిరంగుపొడి అయితే క్షారం తగిలితే విరిగిపోతుంది. నీలిమందుది ఊదా వైపు మొగ్గే నీలం. ఆ వెల్ల గోడల మధ్య పెరిగిన పెద్దవాళ్లు మబ్బు నీలాన్ని చూసి "ఇదీ నీలమంటే" అనడం, చెరువు నీలాన్ని చూసి "ఇది పచ్చ కదా" అనడం నేను తరచుగా వింటుంటాను.

పెద్దవాళ్ల విషయంలో ఇంకొకటి గుర్తుంచుకోవాలి. వయసు పెరిగేకొద్దీ కంటిలోని కటకం పసుపుబారి, నీలపు కాంతిని కొంత ఆపేస్తుంది. శుక్లాల ఆపరేషన్ అయిన కొత్తలో "నీలాలు ఎంత మెరుస్తున్నాయో" అని చాలామంది ఆశ్చర్యపోవడం ఇందువల్లే. కాబట్టి అమ్మానాన్నల గదికి రంగు చూస్తున్నప్పుడు మీ కంటికి సున్నితంగా, హుందాగా అనిపించిన మబ్బు నీలం వాళ్లకు ఉత్త బూడిదగా కనిపించవచ్చు. వాళ్ల గదికి వాళ్లే చూసి చెప్పాలి. మనం చూసి పెట్టడం సరికాదు.

కిటికీ ఏ దిక్కున ఉంది

రంగుల గురించి విదేశాల నుంచి వచ్చే సలహాల్లో ఒక మాట పదేపదే కనిపిస్తుంది: ఉత్తరపు గదిలోకి ఎండ రాదు, అక్కడి వెలుతురు ఎప్పుడూ చల్లగా, నీలంగా ఉంటుంది. లండన్‌కూ న్యూజెర్సీకీ అది దాదాపు నిజమే. మనకు పూర్తిగా నిజం కాదు. హైదరాబాద్ 17 డిగ్రీల పైచిలుకు అక్షాంశం మీద ఉంది. మే 9 ప్రాంతంలో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చి, అక్కడి నుంచి ఆగస్టు 3 ప్రాంతం దాకా మిట్టమధ్యాహ్నం మనకు ఉత్తరం వైపే ఉంటాడు. మార్చి చివరి నుంచి సెప్టెంబరు చివరి దాకా తూర్పు నుంచి ఈశాన్యం వైపు జరిగి ఉదయిస్తాడు, పడమర నుంచి వాయవ్యం వైపు జరిగి అస్తమిస్తాడు. అంటే ఎండాకాలంలో పొద్దునా సాయంత్రమూ ఉత్తరపు కిటికీలోంచి ఏటవాలుగా ఎండ పడుతుంది. చలికాలంలో అదే గది పొద్దంతా నీడలో ఉంటుంది. ఉత్తరపు గదికి రంగు చూసేవాళ్లు డిసెంబరులో చూస్తే ఒక రకంగా, మేలో చూస్తే ఇంకో రకంగా కనిపించడానికి కారణం ఇదే. నా సలహా ఏమిటంటే, ఉత్తరపు గదికి చలికాలపు వెలుతురునే లెక్కలోకి తీసుకోండి. ఎండాకాలంలో ఏ నీలమైనా బాగానే ఉంటుంది. నీడ నెలల్లో మబ్బు నీలం గదిని మరీ మందకొడిగా చేస్తుంది, చెరువు నీలం ప్రాణంతో ఉంటుంది.

పడమటి గదిలో ఇది తలకిందులవుతుంది. మధ్యాహ్నం మూడు దాటాక వచ్చే ఎండ పసుపు, నారింజ కలిసిన వెలుతురు. అది చెరువు నీలం మీద పడితే నీలం వెనక్కి తగ్గి పచ్చ ముందుకు వస్తుంది. నీలం వేయించామనుకున్న గది సాయంత్రానికి ఆకుపచ్చ గది అవుతుంది. మబ్బు నీలం మీద అదే ఎండ పడినప్పుడు దానిలోని చలువ కొంత విరిగి, మెత్తని, నిండైన నీలంగా మారుతుంది. వేసవిలో పడమటి గదిలోకి అడుగుపెట్టినప్పుడు కంటికి కలిగే ఆ ఊరట కోసమైనా అక్కడ మబ్బు నీలానికే నా ఓటు. తూర్పు గదిలో పొద్దుటి ఎండ కూడా పసుపుదే, కానీ అది తొందరగా వెళ్లిపోతుంది. ఉద్యోగాలకూ బడికీ పోయేవాళ్లు ఆ గదిని పగలు పెద్దగా చూడరు, రాత్రి దీపమే అక్కడ తేలుస్తుంది. దక్షిణపు గదికి రెండూ నప్పుతాయి.

అయితే మన అపార్టుమెంట్లలో దిక్కులు చాలాసార్లు కాగితం మీదే ఉంటాయి. కిటికీ తెరిస్తే నాలుగైదు అడుగుల దూరంలో పక్క భవనపు గోడ. అటువంటి గదిలోకి వచ్చేది ఆ గోడ మీద పడి తిరిగి వచ్చిన వెలుతురే. ఆ గోడ లేత గులాబీ రంగులో ఉంటే మబ్బు నీలంలోని ఊదా పెరుగుతుంది, పసుపు రంగులో ఉంటే చెరువు నీలంలోని పచ్చ పెరుగుతుంది. కిటికీ బయట వేప చెట్టో, కొబ్బరి చెట్టో ఉంటే ఆకుల మీదుగా వచ్చే వెలుతురు పచ్చగా ఉంటుంది. ఆ గదిలో చెరువు నీలం వేయించడమంటే పచ్చకు పచ్చ తోడు చేసినట్టే. చెట్టున్న కిటికీకి మబ్బు నీలం చక్కగా కుదురుతుంది.

సంధ్యవేళ సంగతి కూడా చెప్పాలి. వెలుతురు సన్నగిల్లేటప్పుడు మన కన్ను ఎరుపులను తొందరగా కోల్పోతుంది, నీలాలను చివరిదాకా పట్టుకుంటుంది. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో చెక్ శాస్త్రవేత్త యాన్ పుర్కిన్యే గమనించిన ఈ లక్షణానికి ఆయన పేరే పెట్టారు. దీపం వేయకముందు టేకు తలుపు నల్లబడిపోయి, నీలం గోడ తనంతట తానే వెలుగుతున్నట్టు కనిపిస్తుంది. రెండు నీలాలూ ఆ పావుగంట అందంగానే ఉంటాయి. కాబట్టి సాయంత్రం ఆరున్నరకు చూసి మురిసిపోయి నిర్ణయం తీసుకోకండి.

రాత్రి దీపం

పడకగదిలో మనం మెలకువగా గడిపే సమయం ఎక్కువగా దీపం కిందే గడుస్తుంది. అందుకే దిక్కుకన్నా దీపానికి ఎక్కువ విలువ ఇస్తాను.

దీపపు వెలుతురు రంగును కెల్విన్లలో చెబుతారు, అంకె తగ్గేకొద్దీ పసుపుగా, పెరిగేకొద్దీ నీలంగా ఉంటుంది. మన ఇళ్లలో ట్యూబ్‌లైటు సాధారణంగా 6500 కెల్విన్‌ది. తెల్లగా, కొంచెం నీలం వైపు ఉండే చల్లని వెలుతురు. పడక పక్క దీపాలకూ, ఫాల్స్ సీలింగ్‌లో పెట్టే దీపాలకూ ఈ మధ్య 2700 నుంచి 3000 కెల్విన్ల పసుపు వెలుతురు వాడుతున్నారు. ఒకే గదిలో రెండూ ఉండటం ఇప్పుడు మామూలే. ఒకే గోడ ఒక స్విచ్చుకు ఒక రంగు, ఇంకో స్విచ్చుకు ఇంకో రంగు అవుతుంది.

పసుపు దీపం కింద ఏ నీలమైనా కొంత చచ్చుబడుతుంది, ఎందుకంటే ఆ వెలుతురులో నీలపు పాలే తక్కువ. చెరువు నీలం అప్పుడు సముద్రపు పచ్చలోకి జారుతుంది. కొందరికి అది నచ్చుతుంది, నాకు కూడా నచ్చుతుంది, కానీ నీలం కావాలని పట్టుబట్టిన మనిషికి మనస్తాపం కలిగిస్తుంది. మబ్బు నీలం అదే పసుపు దీపం కింద లేత బూడిదలోకి వెళ్తుంది. గది హుందాగా ఉంటుంది, నిద్రకు బాగుంటుంది, కానీ "నీలం ఏదీ?" అని అడిగేవాళ్లు ఉంటారు. తెల్లని ట్యూబ్‌లైటు కింద చెరువు నీలం నిర్మలంగా, కార్డులో చూసినట్టే ఉంటుంది. మబ్బు నీలం మాత్రం ఆ వెలుతురులో ఉక్కు రంగుకు దగ్గరగా, చలిగా అవుతుంది. మనుషుల ముఖాలు కూడా ఆ గోడల మధ్య కొంచెం పాలిపోయినట్టు కనిపిస్తాయి. అద్దం ముందు తయారయ్యే గదిలో ఇది చిన్న విషయం కాదు.

కెల్విన్ ఒక్కటే చూస్తే చాలదు. ఎల్‌ఈడీ వెలుతురులో రంగులన్నీ సమానంగా ఉండవు. నీలం దగ్గర ఒక పెద్ద శిఖరం, దాన్ని దాటగానే నీలాకుపచ్చ దగ్గర ఒక లోయ ఉంటాయి. మన రెండు నీలాల మధ్య తేడా ఉండేది సరిగ్గా ఆ లోయ ప్రాంతంలోనే. ఆ వెలుతురులో రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే అంకె బల్బు డబ్బా మీద సీఆర్ఐ అని ఉంటుంది, అది 80 దగ్గర ఉంటే రంగులు కొంత మొద్దుబారతాయి, 90 దాటితే పగటికి దగ్గరగా కనిపిస్తాయి. రంగు డబ్బాల మీద వేలు ఖర్చుపెట్టేవాళ్లు బల్బు దగ్గర వంద రూపాయలు మిగుల్చుకోవడం నాకు బాధగా ఉంటుంది. నా మాట వింటే, నీలం గదికి 4000 కెల్విన్ల మంచి దీపం ఒకటి పెట్టించండి. రెండు నీలాలూ ఆ వెలుతురులో తమ రంగుకు దగ్గరగా నిలుస్తాయి.

నేల, తలుపు, సీలింగు

గోడ రంగును నేల మార్చేస్తుంది. కిటికీలోంచి వచ్చిన వెలుతురు ముందు నేల మీద పడి, అక్కడి నుంచి గోడ కింది భాగానికి ఎక్కుతుంది. మన ఇళ్లలో ఎక్కువగా ఉండేవి మీగడ రంగు విట్రిఫైడ్ టైల్స్. వాటి పసుపు ఛాయ చెరువు నీలాన్ని మోకాలెత్తు వరకూ పచ్చగా చూపిస్తుంది, పైన నీలంగా ఉంటుంది. మబ్బు నీలం మీద ఆ పసుపు పడితే ఊదా కొంత చల్లారి, గోడ సమంగా కనిపిస్తుంది. బూడిద రంగు తాండూరు బండలూ, నల్లని కడప బండలూ ఉన్న పాత ఇళ్లలో పరిస్థితి వేరు. అక్కడ మబ్బు నీలం వేస్తే నేలా గోడా కలిసి గది మొత్తం బూడిదమయమవుతుంది. అక్కడ చెరువు నీలమే గదిని బతికిస్తుంది.

టేకు తలుపులు, పాలిష్ పెట్టిన మంచాలు రెండు నీలాలకూ మేలే చేస్తాయి. నారింజ ఛాయ ఉన్న గోధుమ రంగు నీలానికి ఎదురు రంగు కాబట్టి దాని పక్కన నీలం మరింత నీలంగా కనిపిస్తుంది. పారిస్‌లో గోబెలిన్ తివాచీల నేతశాలలో అద్దకం పని చూసిన రసాయన శాస్త్రవేత్త షెవ్రల్ దగ్గరికి నల్లదారం వెలవెలబోతోందన్న ఫిర్యాదు వచ్చింది. పరీక్షించి చూస్తే దారంలో లోపం లేదు, పక్కన నేసిన రంగులే దాన్ని అలా చూపిస్తున్నాయని తేలింది. దాని మీద 1839లో ఆయన ప్రచురించిన సూత్రాలు మన మంచం, మన బీరువా, మన కర్టెన్లకూ వర్తిస్తాయి. బీరువా లామినేట్ ఎర్రటి గోధుమ రంగులో ఉంటే చెరువు నీలం పచ్చబారినట్టు తోస్తుంది, ఎందుకంటే ఎరుపు పక్కన పచ్చ రెచ్చిపోతుంది. అటువంటి గదికి మబ్బు నీలం మంచిది.

సీలింగుకు మాత్రం స్వచ్ఛమైన తెలుపు వేయించండి. క్రీము రంగు సీలింగు ఏ నీలం పక్కనైనా మాసిపోయినట్టు కనిపిస్తుంది.

గోడల మీద రంగు ముదురుతుంది

కార్డులో ఉన్న ముక్క తెల్ల కాగితం మధ్య ఒంటరిగా ఉంటుంది. గదిలో ఒక గోడ నీలం ఇంకో గోడ మీద పడుతుంది, ఆ గోడది దీని మీద పడుతుంది. అలా పడి పడి రంగు చిక్కబడుతుంది. లేత ముక్క చూసి "ఇది మరీ తెల్లగా ఉంది" అని ఒక మెట్టు ముదురు తీసుకునేవాళ్లు గోడ మీద చూసి కంగారుపడేది ఇందుకే. రెండు నీలాల్లో ఒకటి కొంచెం లేతగా ఉంటే, మిగతావన్నీ సమానమైనప్పుడు, లేతదాని వైపే మొగ్గుతాను.

ఎంత లేతదో చెప్పడానికి ఎల్‌ఆర్‌వీ అనే అంకె ఉంటుంది. పూర్తి నలుపుకు 0, పూర్తి తెలుపుకు 100 అనుకుని, ఆ రంగు ఎంత వెలుతురును తిరిగి ఇస్తుందో చెప్పే లెక్క ఇది. అమెరికాలో ఇల్లు కొనుక్కున్న మనవాళ్లకు ఇది బాగా పరిచయం, అక్కడి కంపెనీలు ప్రతి రంగుకూ దీన్ని ఇస్తాయి. ఉదాహరణకు షెర్విన్ విలియమ్స్ వాళ్ల సీ సాల్ట్‌కు 63, రెయిన్‌వాష్డ్‌కు 59. ఈ రెండింటి మధ్య కొట్టుమిట్టాడేవాళ్లు చాలామంది ఉంటారు. నాలుగు అంకెల తేడా గదిలో వెలుతురు పరంగా పెద్దది కాదు. అసలు తేడా ఎక్కడంటే, మొదటిదానిలో పచ్చ, బూడిద ఎక్కువ, రెండోదానిలో నీలం ఎక్కువ. అంకెలు దగ్గరగా ఉన్నప్పుడు వాటిని పక్కనపెట్టి మొగ్గును చూడమని అందుకే అంటున్నాను. అంకెల మధ్య తేడా పది దాటితే అప్పుడు అది గది వెలుగునే మారుస్తుంది, చీకటి గదికి ఎక్కువ అంకె ఉన్నదాన్నే తీసుకోవాలి.

నమూనా వేసి చూడటం

ఎంత చదివినా ఈ పని తప్పదు. చాలా షాపుల్లో 200 మిల్లీలీటర్ల నమూనా డబ్బా కలిపి ఇస్తారు, దొరకని చోట లీటరు తీసుకోవాలి. రెండు నీలాలకూ తెచ్చుకోండి. గోడ మీద నేరుగా వేయవద్దు. పాత రంగు చుట్టూ ఉంటే కొత్త రంగు ఎలా ఉందో తెలియదు. పెయింటర్‌తో చెప్పి రెండడుగుల ప్లైవుడ్ ముక్కలు లేదా మందపాటి అట్టలు రెండింటికి ప్రైమర్ వేయించి, రెండేసి కోట్ల రంగు వేయించండి. ఎమల్షన్ తడిగా ఉన్నప్పుడు పాలలా తెల్లగా కనిపించి, ఆరాక ముదురుతుంది. కాబట్టి ఒక రోజంతా ఆరనివ్వాలి, వర్షాకాలంలో అయితే రెండు రోజులు.

తర్వాత ఒక్కో అట్టను విడివిడిగా గదిలో పెట్టండి. రెండూ ఒకేసారి కనబడకూడదు. మొదటి అట్టను కిటికీ ఎదుటి గోడకు, కిటికీ ఉన్న గోడకే పక్కగా, మంచం తల వైపు మూలకు మార్చి మార్చి చూడండి. కిటికీ ఉన్న గోడ ఎప్పుడూ చీకటిగా ఉంటుంది, రంగు అసలు స్వభావం అక్కడే బయటపడుతుంది. పొద్దున లేవగానే, సాయంత్రం, రాత్రి దీపాలు ఒక్కొక్కటిగా వేసి చూడండి. మీరు గదిలో ఎక్కువగా ఉండే సమయంలో చూసినదానికే ఎక్కువ మార్కులు వేయండి. మర్నాడు రెండో అట్ట.

ఫోనులో ఫొటో తీసి, వాట్సాప్‌లో పంపి అభిప్రాయం అడగడం ఇప్పుడు అలవాటైపోయింది. ఊళ్లో అమ్మానాన్నల ఇంటికి రంగు వేయిస్తూ డల్లాస్‌లోనో సిడ్నీలోనో ఉన్న పిల్లలు వీడియో కాల్‌లో ఎంచడం కూడా చూస్తున్నాను. ఫోను కెమెరా తెలుపును తనకు తోచినట్టు సరిచేసుకుంటుంది, నీలాకుపచ్చల దగ్గర ఆ సవరణే రంగును మార్చేస్తుంది. అంత దూరం నుంచి కర్టెన్ డిజైను చెప్పవచ్చు, రెండు నీలాల తేడా తేల్చలేరు. గదిలో ఉన్నవాళ్ల కంటికే వదిలేయడం మేలు.

షాపులో జాగ్రత్త

ఒక కంపెనీ షేడ్ చూపించి, తక్కువ ధరకు ఇంకో కంపెనీ రంగులో అదే కలపమనడం మన దగ్గర మామూలు. నీలాల విషయంలో దీనికి దూరంగా ఉండండి. వేరు వేరు రంగుపొడులతో కలిపిన రెండు నీలాలు షాపు దీపం కింద అచ్చం ఒకేలా కనిపించి, ఇంటి దీపం కింద వేరైపోవడం సాధారణం. ముఖ్యంగా మబ్బు నీలం నాలుగైదు చుక్కల మిశ్రమం కాబట్టి అదే ఎక్కువ దారి తప్పుతుంది.

కావలసిందంతా ఒకేసారి కలిపించుకోండి. 12 అడుగులకు 11 అడుగుల గది, పదడుగుల ఎత్తు, తలుపూ కిటికీ బీరువా పోగా సుమారు 400 చదరపు అడుగుల గోడ ఉంటుంది. మేలిరకం ఎమల్షన్ రెండు కోట్లకు లీటరుకు 120 నుంచి 140 చదరపు అడుగులు వస్తుంది. అంటే మూడు నుంచి మూడున్నర లీటర్లు, కాబట్టి నాలుగు లీటర్లు. రెండు మూడు డబ్బాలుగా వస్తే అన్నిటినీ ఒక పెద్ద బకెట్‌లో పోసి కలిపి వాడమని పెయింటర్‌కు గట్టిగా చెప్పండి. చిన్న డబ్బాలో ఒక్క చుక్క తేడా పడినా లేత రంగులో తెలిసిపోతుంది.

మెరుపు సంగతి. మాట్ ఫినిష్‌లో రంగు కాస్త లేతగా, మెత్తగా కనిపిస్తుంది, శాటిన్ మెరుపులో లోతుగా కనిపిస్తుంది. లప్పం పని సమంగా లేని గోడ మీద మెరుపు పెడితే పక్క వెలుతురులో ఎత్తుపల్లాలన్నీ బయటపడతాయి. ఇంకోవైపు, మంచానికి తల ఆనించే చోట తలనూనె మరక పడటం మన ఇళ్లలో ఖాయం. మాట్ గోడను తడిగుడ్డతో రుద్దితే అక్కడ నిగనిగలాడే మచ్చ మిగులుతుంది. నూనె మరక చెరువు నీలం మీద తొందరగా కనబడుతుంది, మబ్బు నీలం కొంత దాచుకుంటుంది. పిల్లల గదికి ఈ ఒక్క కారణం చాలు మబ్బు నీలం తీసుకోవడానికి. స్నానాలగదికి ఆనుకుని చెమ్మ పట్టే గోడ ఉంటే, ముందు చెమ్మ పని చేయించాలి. ఉప్పు పొంగు తెల్లగా బయటికి వచ్చిందంటే రెండు నీలాల్లో ఏదీ దాన్ని దాచదు.

ఇక ఎంపిక

పడమటి కిటికీ, బయట చెట్టు, మీగడ రంగు టైల్స్, ఎర్రటి బీరువా: వీటిలో రెండు ఉన్నా మబ్బు నీలం తీసుకోండి. నీడ పట్టే ఉత్తరపు గది, పక్క భవనం వల్ల వెలుతురు అందని గది, బండల నేల, తెల్లని ట్యూబ్‌లైటు మాత్రమే ఉన్న గది: వీటికి చెరువు నీలం. పెద్దవాళ్ల గదికి వాళ్లు అభ్యంతరం చెప్పకపోతే చెరువు నీలం.

రెండు వైపులా సమానంగా తూగితే నేను ఇంకొకటి చూస్తాను: నచ్చకపోతే సరిదిద్దుకోవడం ఏది సులభం? చెరువు నీలం రాత్రి మరీ పచ్చగా అనిపిస్తే 3000 కెల్విన్ల బల్బు తీసేసి 4000 పెడితే చాలావరకు సర్దుకుంటుంది, ఖర్చు కొన్ని వందలు. మబ్బు నీలం రాత్రి తెల్లని ట్యూబ్‌లైటు కింద చలిగా అనిపించినా, దాని బదులు 4000 దీపం పెడితే సర్దుకుంటుంది. కానీ మబ్బు నీలం పగటిపూట చీకటి గదిలో సిమెంటు రంగులోకి దిగిపోతే బల్బు కాపాడలేదు, గోడ మళ్లీ వేయించాల్సిందే. అందుకని పగలు దీపం వేయకుండా పుస్తకం చదవగలిగేంత వెలుతురు ఉన్న గదికి మబ్బు నీలం, పగలు కూడా దీపం వేసుకోవలసిన గదికి చెరువు నీలం.